చీటీ పిల్లాడి పేరున, వైద్యం ఇంటిల్లిపాదికీ

పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్ గదికి ఏ పిల్లా తనంతట తాను రాదు. డాక్టరుగారు ఓ.పి. చీటీ మీద ఒక ముక్క రాసి పంపితే తల్లో తండ్రో చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. కుర్చీలో కూర్చోగానే మొదటి మాట: "మేడమ్, వీడికి కాస్త గట్టిగా చెప్పండి. మా మాట వినడు." విజయవాడలో నేను ఈ పనిలో చేరిన నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు ముందే చెబుతున్నాను, ఆ మాటకి లొంగకండి. తొమ్మిదేళ్ళ పిల్లాడు నెల సరుకుల చీటీ రాయడు. ఫ్రిజ్‌లో ఏముండాలో వాడు తేల్చడు. మైదానం లేని బడిలో వాణ్ణి చేర్చింది వాడు కాదు. వాడికి గట్టిగా చెబితే వాడు ఏడుస్తాడు, మళ్ళీ మన గది గుమ్మం తొక్కడు. అంతకు మించి జరిగేది లేదు.

పని ఎత్తు నుంచి మొదలుపెట్టండి. కొత్తవాళ్ళంతా బరువు కాటా దగ్గరికి పరుగెడతారు. పెరిగే పిల్లల విషయంలో ఎత్తు తెలియని బరువుకి అర్థం లేదు. స్టేడియోమీటర్ దగ్గర, అదే గోడకి బిగించిన ఎత్తు పట్టీ దగ్గర, నాకు పని నేర్పింది పుస్తకాలు కాదు, మా ఓ.పి.లో చిరకాలం పనిచేసిన ఆయమ్మ. చెప్పులు, సాక్సులు విప్పించాలి. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనక భాగం గోడకి ఆనాలి. లావుగా ఉన్న పిల్లలకి నాలుగూ ఒకేసారి ఆనవు. మడమలూ పిరుదులూ ఆనితే చాలు, పిల్లని గోడకేసి అదమకూడదు. చెవి రంధ్రమూ కంటి కింది ఎముకా ఒకే మట్టంలో ఉండాలి. ఆడపిల్లలకి నడినెత్తిన ముడి ఉంటే ఎత్తు అక్కడే తప్పుతుంది. ఆయమ్మ జడ విప్పి, ఎత్తు చూసి, మళ్ళీ అల్లి పంపేది. ఆ అల్లే రెండు నిమిషాల్లో పిల్లలు ఆవిడకి చెప్పుకున్న సంగతులు నేను అరగంట ప్రశ్నలు వేసినా బయటికి వచ్చేవి కావు. బస్సులో ఎవరు ఏమని పిలుస్తారు, డబ్బా అన్నం ఎవరికిచ్చి ఏం కొనుక్కుంటుంది, నాన్న ఇంటికెన్ని గంటలకొస్తాడు, అన్నీ అక్కడే దొరికేవి. తర్వాత ఆవిడ నా బల్ల పక్కన నిలబడి ఒక్క ముక్కలో అందించేది. ఈ ఉద్యోగంలో నాకు సగం పేరు తెచ్చిపెట్టింది ఆ జడలే.

బరువు కాటా అంకెని పైకి చదవకండి. కార్డు మీద రాసుకోండి. వరసలో ఇంకో పదిమంది కూర్చుని ఉంటారు, వాళ్ళలో పిల్ల చదివే బడి పిల్లలూ ఉండొచ్చు.

ఎత్తూ బరువూ వచ్చాక చార్టు. అయిదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా మనం వాడేది భారత పిల్లల వైద్యుల సంఘం, అంటే ఐ.ఎ.పి., 2015లో ఇచ్చిన చార్టు. అందులో బి.ఎమ్.ఐ., అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతో చెప్పే సంఖ్య, దాని గీతల్లో 23 అని ఒకటి, 27 అని ఒకటి ఉంటాయి. పెద్దయ్యాక 23కో 27కో చేరే దారిలో ఈ వయసున ఎక్కడ ఉండాలో ఆ గీతలు చెబుతాయి. మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం. పాశ్చాత్య దేశాల్లో పెద్దలకి 25, 30 దగ్గర గీస్తారు. మనకెందుకు ముందే గీశారంటే, అంతే బరువు దగ్గర మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, మధుమేహం త్వరగా వస్తుంది. పుణెలో డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డల్ని కొలిచి చెప్పిన సంగతి ప్రతి డైటీషియనూ తెలుసుకోవాలి: మన పిల్లలు తక్కువ బరువుతో పుడతారు, కండ తక్కువ, కొవ్వు మాత్రం తగ్గదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు.

ఇది తెలిస్తేనే మామ్మగార్లు అర్థమవుతారు. ఒకావిడ నాతో అన్న మాట చూడండి. "వీడు పుట్టినప్పుడు రెండున్నర కిలోలు కూడా లేడమ్మా. గుప్పెడు గుడ్డుని ఇంతవాణ్ణి చేశాను." ఆ మనవడికి అప్పుడు పదేళ్ళు, చార్టులో రెండో గీత పైన ఉన్నాడు. ఆవిడ మాటలో అబద్ధం లేదు, ప్రేమలో లోటు లేదు. బక్క పిల్లాణ్ణి చూసి భయపడ్డ ఇంట్లో బొద్దుతనమే ఆరోగ్యం. "ఒళ్ళు చేశాడు" అని చుట్టాలంటే సాయంత్రం దిష్టి తీస్తారు. ఆ ఇంటికి వెళ్ళి "మీరే పాడు చేశారు" అంటే ఆ మామ్మగారు మనకి జన్మలో తోడు రాదు.

మెడ వెనక కూడా చూడండి. చర్మం మందంగా, మఖమలులాగా నల్లబడి ఉంటే దాన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతున్నా పని సరిగ్గా చేయడం లేదనడానికి అది గుర్తు. చాలా ఇళ్ళలో దాన్ని మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి తోముతారు, స్నానం చేయడం రాదని తిడతారు. "అది మురికి కాదమ్మా" అని తల్లికి పిల్ల ఎదుటే చెప్పండి. ఆ పిల్ల ముఖంలో వచ్చే తేట చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత డాక్టరుగారి దగ్గరికి చక్కెర పరీక్షకి, లివర్ పరీక్షకి పంపండి. అది మన పని కాదు, కానీ పంపడం మన పనే.

ఇక రీకాల్. నిన్న పొద్దున నుంచి ఈ పొద్దుటి దాకా ఏం తిన్నారో రాబట్టడం. ఇది మన వృత్తికి ప్రాణం. హైదరాబాదులో నాకు శిక్షణ ఇచ్చిన మేడమ్ ఒకే సూత్రం చెప్పేవారు: "ఏం తింటాడు అని అడగకు, ఏం చేశాడు అని అడుగు." ఏం తింటాడని అడిగితే ప్రతి తల్లీ "ఏమీ తినడు మేడమ్" అంటుంది. నిన్న ఎన్నింటికి లేచాడు, పళ్ళు తోమాక ఏం ఇచ్చారు, బస్సు ఎక్కేటప్పుడు చేతిలో ఏముంది, ఇంటర్వెల్‌లో ఎక్కడ నిలబడ్డాడు, ట్యూషన్‌కి వెళ్ళే దారిలో ఎవరి కొట్టు ఉంది, ఇలా గడియారం వెంట నడవాలి. తిండి దానంతట అదే బయటపడుతుంది. బల్ల మీద రెండు సైజుల గ్లాసులు, ఒక గరిటె, ఒక కూర గిన్నె, రెండు రకాల చెంచాలు పెట్టుకోండి. "ఒక గ్లాసు" అన్నప్పుడు ఏ గ్లాసో చేత్తో చూపించమనండి. నూనె సంగతి అసలు అడగొద్దు, "తక్కువే వాడతామండీ" అంటారు. నెలకి ఎన్ని లీటర్ల ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో ఎంతమంది అని అడగండి. మనిషికి నెలకి అర లీటరు దాటితే వంటింట్లో మాట్లాడాల్సింది ఉందన్నమాట.

ఇందాకటి మామ్మగారి మనవడి రీకాల్ ఇప్పటికీ నా దగ్గర చేరిన ట్రైనీలకి రాసి చూపిస్తాను. "పాలు తప్ప ఏమీ తాగడు" అన్నారు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. గ్లాసుకి రెండు చెంచాల పంచదార, రెండు పెద్ద చెంచాల మాల్ట్ పొడి. పాలు పక్కన పెట్టి పంచదారా పొడీ లెక్క కడితేనే రోజుకి సుమారు 280 కిలోక్యాలరీలు తేలాయి. పొడిలో ఉన్న చక్కెర కూడా అందులోదే. అది బలం మందని ఆ ఇంటి నమ్మకం. ఎందుకు నమ్మరు? దశాబ్దాల పాటు ప్రకటనలు అదే చెప్పాయి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాల్ని ఆన్‌లైన్ కొట్లలో 'హెల్త్ డ్రింక్స్' వరసలో పెట్టొద్దని చెప్పాల్సి వచ్చిందంటే, అన్నేళ్ళూ ఆ పేరుతోనే అమ్మారన్న మాటే కదా. ఆ మామ్మగారికి ఆ నమ్మకం ఎక్కడిదో అప్పుడు మనకి అర్థం కావాలి.

ఆ ఇంట్లో నేను చేసింది చాలా తక్కువ. మామ్మగారి పదవి తీసెయ్యలేదు, మార్చాను. సాయంత్రం నాలుగున్నరకి బడి నుంచి రాగానే పిల్లాడికి ఏం పెట్టాలో ఆ పూచీ మొత్తం ఆవిడకే ఇచ్చాను. శనగ గుగ్గిళ్ళు, ఉడికించిన వేరుశనక్కాయలు, జామకాయ, మొక్కజొన్న పొత్తు, ఒకరోజు ఉడికిన గుడ్డు. ఇవన్నీ ఆవిడకి చిన్నప్పటి నుంచి తెలిసినవే. పాలల్లో పంచదార ఒక్కసారిగా మానిపించలేదు, వారానికి అర చెంచా చొప్పున తగ్గించమన్నాను. తండ్రిని పిలిపించి ఒకే ఒక్క పని చెప్పాను: డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉండకూడదు, ఆ సమయానికి పిల్లాడితో కలిసి సైకిలు తొక్కాలి. ఏడాది తిరిగేసరికి పిల్లాడి బరువు దాదాపు అక్కడే ఉంది, ఎత్తు మాత్రం బాగా పెరిగింది. చార్టులో చుక్క రెండో గీత కిందికి దిగింది. అది నా తొలి విజయం. ఈ కిటుకు రాసిపెట్టుకోండి: పెరిగే వయసు పిల్లల్లో చాలామందికి బరువు దించక్కర్లేదు, నిలిపితే చాలు. మిగతాది ఎత్తు చూసుకుంటుంది. "నెలకి ఎన్ని కిలోలు తగ్గుతాడు?" అని అడిగే తండ్రికి ఈ మాట చెప్పి ఒప్పించడానికి ఓపిక కావాలి.

ఓపిక లేని ఇళ్ళలో ఏం జరుగుతుందో కూడా చూశాను. ఎనిమిదో తరగతి చదివే ఒకమ్మాయిని తీసుకొచ్చారు. జుట్టు రాలుతోంది, నీరసం. అంతకు కొన్ని నెలల ముందే ఫోన్లో ఎవరో చెప్పిన డైట్ ప్లాన్ పెట్టారట. అన్నం పూర్తిగా బంద్. ఆ పిల్లకి కీరా ముక్కలు, అదే టేబుల్ దగ్గర తమ్ముడికీ మిగతావాళ్ళకీ బిర్యానీ. "పెళ్ళినాటికి తగ్గాలి కదండీ" అంది వాళ్ళ మేనత్త, పిల్ల వింటుండగానే. పదమూడేళ్ళు! రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్ళి చేతికందింది తినేది. దొంగతనం అని దానికీ దెబ్బలు. ఆ పిల్లని మానసిక వైద్యుల దగ్గరికి పంపాం, రెండుసార్లు వచ్చారు, తర్వాత ఊరు మారిపోయారు. ఆ కార్డు మూసెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

ఆ తర్వాత నా గదిలో ఒక నియమం పెట్టుకున్నాను. ఒకరికి వేరే కంచం రాసివ్వను. ఇంట్లో ఏది వండితే అది అందరికీ. తగ్గించాల్సింది ఉంటే గిన్నెలోనే తగ్గించాలి, పిల్ల కంచంలో కాదు. పప్పులో పప్పు ఎక్కువ, తాలింపులో నూనె తక్కువ, కూర అన్నం కన్నా ముందు వడ్డించడం, టీవీ ముందు కంచం పెట్టకపోవడం, ఇవి ఇంటిల్లిపాదికీ వర్తించే పనులు. శీతల పానీయం ఇంట్లోకి రాకూడదంటే తండ్రికీ రాకూడదు. 300 మి.లీ. కోలా సీసాలో 30 గ్రాములు దాటి చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాలు. రోజుకి 1600 కిలోక్యాలరీలు తినే పిల్లాడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గరిష్ఠ పరిమితి సుమారు 40 గ్రాములు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలంటారు. నేను ఇది మాటల్లో చెప్పను. ఖాళీ గ్లాసులో పంచదార చెంచా చెంచా పోసి చూపిస్తాను. నాలుగో చెంచాకే తండ్రులు "చాలండీ" అంటారు.

తల్లిని మాత్రం నిందించకండి. వచ్చిన ప్రతి జంటలో నింద ఆవిడ మీదికే జారుతుంది. పొద్దున అయిదింటికి లేచి రెండు డబ్బాలు కట్టి, ఉద్యోగానికి వెళ్ళి, సాయంత్రం కర్రీ పాయింట్ దగ్గర ఆగే మనిషి ఆవిడ. అందుకే మొదటి విజిట్‌కి ఇద్దరూ రావాలని మా డాక్టరుగారు చీటీ మీదే రాసిస్తారు. ఆ మంచి పద్ధతి ఆయనదే, నాది కాదు.

ఇల్లు సరిదిద్దుకున్నా కొన్ని కార్డుల్లో చుక్క కిందికి దిగదు. అప్పుడు ఇంటి బయటికి చూడాలి. ఆటల గురించి అడిగితే పిల్లలు చెప్పే జవాబులు ఇవీ: "మా స్కూలు అపార్టుమెంటులో ఉంది." "గేమ్స్ పీరియడ్‌లో మ్యాథ్స్ సార్ వస్తారు." "సెల్లార్‌లో ఆడితే వాచ్‌మన్ అంకుల్ బంతి లాక్కుంటారు." విద్యాహక్కు చట్టం, 2009, బడి అంటే ఆటస్థలం కూడా ఉండాలని షెడ్యూలులోనే రాసింది. బడి వయసు పిల్లలు రోజుకి సగటున గంట ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ చదువుల్లో ఆ గంట ఎక్కడి నుంచి తేవాలి? ర్యాంకు వస్తే పిజ్జా కొనిచ్చే ఊళ్ళో, ఆడుకుంటే తిట్టే ఊళ్ళో, నేను రాసిచ్చే చీటీ ఎంతవరకు పనిచేస్తుంది?

అందుకే మేం బడులకీ వెళ్తాం. 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఒక నిబంధన తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారాలు బడి క్యాంటీన్లో గానీ బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదు. చాలామంది ప్రిన్సిపాళ్ళకి ఈ సంగతి నేను చెబితేనే తెలిసింది. ఒక బడిలో క్యాంటీన్ నడిపే ఆయన నాతో చాలా న్యాయంగా మాట్లాడాడు. "అమ్మా, పఫ్ రెండో రోజుకీ ఉంటుంది. చిప్స్ నెలలుంటాయి. గుగ్గిళ్ళు సాయంత్రానికి పులుస్తాయి. నా అద్దె మాత్రం తగ్గదు." ఆయన మాట నిజం. ఆయన్ని తిట్టి లాభం లేదని గ్రహించి లెక్క వేశాం. పి.ఇ.టి. మాస్టారు తరగతులవారీగా ముందు రోజే ఆర్డరు రాయించే పద్ధతి పెట్టారు, దాంతో మిగులు పోయింది. యాజమాన్యాన్ని ఒప్పించి అద్దె తగ్గించాం. ఇడ్లీ, గుగ్గిళ్ళు, ఉడికిన గుడ్డు, అరటిపండు, మజ్జిగ నిలదొక్కుకున్నాయి. పఫ్‌లు నిషేధం బోర్డుతో పోలేదు, లెక్క కుదరడంతో పోయాయి. ఆ పి.ఇ.టి. మాస్టారే తర్వాత పుట్టినరోజు చాక్లెట్ల బదులు క్లాసుకో స్కిప్పింగ్ తాడు తెచ్చే అలవాటు పెట్టించారు. ఊబకాయం గురించి నాకన్నా ఎక్కువ పనిచేసిన మనిషి ఆయన. 2025 మే నెలలో సి.బి.ఎస్.ఇ. తన బడులన్నిటిలో, తినుబండారాల్లో చక్కెర ఎంతుందో చెప్పే 'షుగర్ బోర్డులు' పెట్టమంది. మంచిదే. కానీ బోర్డు ఎదురుగానే క్యాంటీన్లో కోలా అమ్ముడుపోతుంటే పిల్లలు బోర్డుని కాదు, క్యాంటీన్‌ని నమ్ముతారు.

ఒక జాగ్రత్త. ఈ ఉత్సాహంలో బక్క పిల్లల్ని మరిచిపోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21, లెక్కల్లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో అధిక బరువు 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగింది. అదే సర్వేలో వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం. ఒకే దేశంలో, చాలాసార్లు ఒకే వీధిలో, రెండూ ఉన్నాయి. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చిన మన జాతీయ పోషకాహార సంస్థ లేమి జబ్బుల మీద పోరాడిన సంస్థ. అదే సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో నూనె, చక్కెర, ప్యాకెట్ తిండి తగ్గించమని కూడా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మన బల్ల ముందు పొద్దున బక్క పిల్ల కూర్చుంటుంది, మధ్యాహ్నం లావు పిల్లాడు కూర్చుంటాడు. ఇద్దరికీ రాసేది ఇంచుమించు ఒకటే: పప్పు, గుడ్డు, కూర, పండు, ఆట, నిద్ర. ఇద్దరి ఇళ్ళలోనూ అవి అందకపోవడానికి కారణాలు వేరు, అంతే.

రేపు మీ గదిలోకి మొదటి పిల్లాడు వచ్చినప్పుడు కుర్చీ వాడికి వెయ్యండి, మాటలు పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి. ఇది చదువుతున్న తల్లిదండ్రులకి ఒక విన్నపం. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కుల షీటు తీసుకున్నాక మూడు సంగతులు అడగండి. గేమ్స్ పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారు? క్యాంటీన్లో ఏం అమ్ముతున్నారు? గేటు బయట 50 మీటర్ల నిబంధన ఎవరు చూస్తున్నారు? ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. క్లాసులో సగంమంది అడిగితే జవాబు చెప్పక తప్పదు.